తలుపు లేని వంతెన

ఫ్రాన్సు దేశంలోని రోమన్ శిథిలాలను దుబాయ్ జనానికి మొట్టమొదట చూపించినవాణ్ణి నేనే. నలుగురిలో ఈ మాట అన్నప్పుడల్లా బాగా పండుతుంది కనుక ఇక్కడా ముందు అదే రాసేశాను. అసలు సంగతేమిటంటే, చూపించానన్న మాట పూర్తిగా సరికాదు. చాలావాటిని బయటి నుంచి చూపించాను. కొన్నింటికి వేసిన తాళాలు మాత్రమే చూపించాను. "మొట్టమొదట" అన్నది కూడా నేను వేసుకున్న బిరుదే. అంతకు ముందు ఇంకెవరైనా తీసుకెళ్లి ఉంటే నాకు తెలియదు, తెలుసుకోవాలని ప్రయత్నించలేదు కూడా.

ట్రావెల్ ఉద్యోగాల్లో ఉన్న ఈ కాలపు పిల్లలు నన్ను అడుగుతుంటారు, ఫోనులో మ్యాపు లేకుండా, కంప్యూటరు లేకుండా మీరు టూర్లు ఎలా నడిపారు సార్ అని. ఒక్క టూరు గురించి చెబుతాను. అందులో అన్నీ ఉన్నాయి.

ఎనభైల నడిమి రోజులు. బర్ దుబాయ్‌లో బట్టల దుకాణాల సందు మీద మా ఆఫీసు. రెండు గదులు, ఒక టెలెక్స్ మిషను, గోడ మీద విమాన సంస్థలు పంచిపెట్టిన క్యాలెండర్లు. నేను మేనేజరునని ఊళ్లో చెప్పుకున్నాను. చేసే పని మాత్రం అబ్రా పడవలో క్రీక్ అనే ఉప్పునీటి పాయ దాటి దేరా వెళ్లి టికెట్లు ఇచ్చి రావడం. టికెట్లు రాసే పని కర్నూలు నుంచి వచ్చిన నా మిత్రుడిది. పెళ్లయిన మూడో నెలలోనే నేను దుబాయ్ విమానం ఎక్కేశాను. కూతురు పుట్టింది. ఆ పిల్లను ఫోటోలోనే చూశాను. భార్యకూ బిడ్డకూ వీసా రావాలంటే కఫీల్, అంటే మన వీసాకు పూచీ పడ్డ యజమాని, ఉత్తరం ఇవ్వాలి. మా కఫీల్‌ని అందరం అర్బాబ్ అనేవాళ్లం. టికెట్లు మోసేవాడికి ఫ్యామిలీ వీసా ఉత్తరం ఇవ్వడం ఆయనకు అలవాటు లేదు.

ఒకరోజు అర్బాబ్ నన్ను లోపలికి పిలిచాడు. పక్కన ఆయన తండ్రి కూర్చుని ఉన్నాడు. ఆయన్ని అందరూ హాజీ అనేవారు. పడుచు వయసులో పడవల మీద బొంబాయి వెళ్లి ముత్యాలు అమ్మి వచ్చిన మనిషి. హిందీ మనకంటే బాగా మాట్లాడేవాడు. ఆయనకు అల్ ఐన్‌లో ఖర్జూరం తోట ఉండేది. ఆ తోటకు నీళ్లు ఫలజ్‌లోంచి వస్తాయి. ఫలజ్ అంటే కొండ కింద ఊరే నీటిని భూమి లోపలే తవ్వుకుంటూ తోట దాకా తెచ్చే కాలువ.

హాజీ చేతికర్రతో గోడ మీది క్యాలెండర్ చూపించాడు. మూడు అంతస్తుల కమానులతో ఏటి మీద నిలబడ్డ రాతి వంతెన బొమ్మ అది.

"దాని మీద ఏం పోతుంది? మనుషులా, గుర్రాలా?"

"నీళ్లు హాజీ. రోమన్లు కట్టిన కాలువ."

ముసలాయన పకపకా నవ్వాడు. "నీళ్లా? సూర్యుడు తాగేస్తాడని మా తాతలు నీళ్లను భూమిలో దాచుకుని తెచ్చారు. వీళ్లేమో ఆకాశంలో ఆరేశారా? అబద్ధం."

"నిజం హాజీ. నేను పుస్తకంలో చదివాను." చదవలేదు. క్యాలెండర్ కింద ఇంగ్లీషులో ఒక ముక్క ఉంటే అది చూసి చెప్పాను.

"అయితే చూపించు."

అర్బాబ్ నావైపు తిరిగాడు. "శూఫ్, చూడు, మా నాన్న ఒంటరిగా వెళ్లడు. హిందీ మాట్లాడేవాళ్లు కావాలి, పూట పూటా అన్నం కావాలి. నువ్వొక గ్రూపు తయారుచెయ్యి. బస్సులో తిప్పు. ఈయన సంతోషంగా తిరిగొస్తే నీ భార్యకు ఉత్తరం ఇస్తాను. ఫిర్యాదు వస్తే మాత్రం నీ ఉత్తరం ఖలాస్."

అప్పటికి నాకు పక్కనున్న ఫుజైరా ఊరు కూడా తెలియదు. "తప్పకుండా అర్బాబ్, ఫ్రాన్సు నాకు అరచేతిలో గీత" అన్నాను.

గ్రూపు కుదిరింది. బర్ దుబాయ్ బట్టల వ్యాపారుల కుటుంబాలు, బ్యాంకు ఉద్యోగులు ఇద్దరు ముగ్గురు. అందరికీ పెద్ద దిక్కు ఒక సేఠ్. వంటకు కరీంనగర్ వైపు నుంచి వచ్చిన ఒకతన్ని కుదిర్చాను. కూలీల క్యాంపులో నాలుగు వందల మందికి వండి పెట్టినవాడు. (నాలుగు వందలన్నది అతని లెక్క. నాలాంటివాడే.) స్టవ్వు, గిన్నెలు, బియ్యం, పప్పు మూటలతో సహా అతనూ ఎక్కాలన్నది ఒప్పందం.

ఇక ప్లాను వెయ్యాలి. అవతలి హోటళ్లకు టెలెక్స్ కొట్టాను, బస్సు మాట్లాడాను. చూడాల్సిన స్థలాల బొమ్మల కాగితాలు పోస్టులో తెప్పించాను. అవి ఫ్రెంచిలో ఉన్నాయి. బొమ్మలకు భాషేమిటని ధైర్యంగా ముందుకెళ్లాను. నాకు తెలిసిన దినచర్య ఒకటే, గల్ఫ్ దినచర్య. పొద్దున నెమ్మదిగా టిఫిను కానిచ్చి బయల్దేరాలి. మధ్యాహ్నం ఎండకు అన్ని తలుపులూ మూసుకుంటాయి కనుక పడుకోవాలి. అసర్, అంటే సాయంత్రపు నమాజు, అయ్యాక తయారై బయటపడాలి. అప్పుడే కదా బజారు తెరుచుకునేది, అప్పుడే కదా ఊరు ఊరయ్యేది! వారం లెక్క కూడా అంతే. ఇప్పటి పిల్లలకు తెలియదు, అప్పట్లో దుబాయ్‌లో సెలవంటే శుక్రవారమే. వారం శనివారం మొదలయ్యేది. అందుకని శుక్రవారం అందరికీ విశ్రాంతి పెట్టాను. ఆదివారం నిండా పని పెట్టాను. బ్యాంకులో డబ్బు మార్చుకోవడం, బజారు, వంటకు సరుకులు, సాయంత్రం చల్లబడ్డాక హాజీగారి వంతెన.

మిత్రుడికి చూపించాను. "ఏమప్పా, బలే యేసినావు ప్లాను. మధ్యాన్నం కునుకు గూడా పెట్టినావే! ఇంత సుఖంగా తిప్పేటోడు యాడా దొరకడు" అన్నాడు. ఇద్దరం కలిసి టీ తాగాం. ఫ్రాన్సును జయించినంత గర్వంగా ఉంది.

పారిస్‌లో విమానం మారి మార్సెయ్‌లో దిగాం. బస్సు డ్రైవరు ఫ్రెంచివాడు, నడివయసు మనిషి, బూట్లు అద్దంలా మెరుస్తున్నాయి. అతనికి వచ్చిన ఇంగ్లీషు ముక్కలు పది, నాకు వచ్చిన ఫ్రెంచి ముక్క ఒక్కటీ లేదు. మొదటి రోజు నా ప్లాను ప్రకారమే ఆర్ల్ బయల్దేరాం. రోమన్లు మనుషుల్నీ మృగాల్నీ పోట్లాడించి చూసిన గుండ్రటి రాతి కట్టడం అక్కడుంది. పెద్ద టిఫిను ముగించుకుని మేం వెళ్లేసరికి గేటు వేస్తున్నారు, భోజనం వేళట. సరే, మనమూ పడుకుని సాయంత్రం వద్దామన్నాను. అసర్ తరువాత తీరిగ్గా వచ్చాం. గేటు వేసే ఉంది.

"ఫెర్మే" అన్నాడు డ్రైవరు. మూసేశారని.

మర్నాడు ఒరాంజ్‌లో నాటకశాల. మేం దాని వెనక గోడ చూశాం. ఎంత పెద్ద గోడో! దాని అవతల రోమన్ చక్రవర్తి విగ్రహం ఉందనీ, కళ్లకు వజ్రాలు పొదిగారనీ చెప్పాను. విగ్రహం ఉన్నమాట నిజమే. వజ్రాలు నేను పొదిగాను. ఆవిన్యోఁలో క్రైస్తవ మతగురువులైన పోప్‌లు కాపురం చేసిన కోట కూడా సాయంత్రానికి మూతపడింది. ఆ వారంలో మా బస్సు మొత్తానికి వచ్చిన ఫ్రెంచి మాట "ఫెర్మే" ఒక్కటే. దూరంగా ఏ కట్టడం కనబడినా వెనక సీట్లలోంచి ఆడవాళ్లు ముందే అందుకునేవారు, "ఫెర్మే, ఫెర్మే" అంటూ.

సేఠ్ ఊరుకోలేదు. "ఏయ్ గైడ్, ఇది టూరా, తాళాల ఎగ్జిబిషనా?"

హాజీ తీరు వేరు. ముందు సీట్లో కూర్చుని, నేను ఏ కథ చెప్పినా గడ్డం నిమురుకుంటూ వినేవాడు. చివర్లో, "అచ్ఛా. వంతెన ఎప్పుడు?" అనేవాడు.

"ఆదివారం హాజీ."

అలా ఆదివారం వచ్చింది. సరుకులు అడుగంటాయి. ఆ రోజు బజారు చేద్దామని నేనే చెప్పి ఉన్నాను. పొద్దున్నే నీమ్ ఊళ్లో దిగాం. బ్యాంకు ముందు ఇనపతెర. బట్టల కొట్టుకు ఇనపతెర. కూరగాయల కొట్టుకు కూడా. వీధిలో ఒక కుక్క తప్ప ఎవరూ లేరు. గంటలు కొడుతున్న చర్చిలోకి జనం వెళ్తున్నారు. పక్క ఊళ్లో ఉంటుందేమోనన్నాను. బస్సు తిరిగింది. అక్కడా అంతే. ఇంకో ఊరు వెళ్లాం. అక్కడ రొట్టెల కొట్టు ఒకటి తెరిచి ఉందని వంటవాడు పరుగెత్తాడు. మేం చేరేసరికి ఆ కొట్టు నడిపే ఆమె కూడా బోర్డు తిప్పేసింది.

వంటవాడు ఖాళీ సంచి నా ముందు పడేశాడు. "సారూ, గీ దేశంల ఐతారం నాడు మనుషులు తినరా? నూనె లేదు, ఉల్లిగడ్డ లేదు. అంతమందికి నన్నేం వండమంటవ్? నీ పలాన్ కాయిదం ఉడకబెట్టాల్నా?"

అప్పుడు వెలిగింది నాకు. తప్పు ఫ్రాన్సుది కాదు. వాళ్ల మీద నేను దుబాయ్ గడియారం పెట్టాను. మనం పడుకునే వేళ వాళ్లు తలుపు తీస్తారు, మనం ముస్తాబయ్యే వేళకు వాళ్లు ఇంటికి పోతారు. మన పనిరోజు వాళ్ల సెలవు. వారమంతా ఒక దేశం నిద్రపోయే వేళలు వెతికి మరీ ఆ వేళకే నేను వాళ్ల తలుపులు తట్టాను.

అంతలో డ్రైవరు బస్సు రోడ్డు పక్కన ఆపి నన్ను పిలిచాడు. స్పీడు మీటరు వెనక తిరుగుతున్న గుండ్రటి కాగితపు బిళ్ల చూపించాడు. వాళ్ల దేశంలో డ్రైవరు ఎంతసేపు నడిపాడో ఆ బిళ్ల మీద సూది గీస్తూ ఉంటుందట. గీత నిండితే విశ్రాంతి తీసుకునే దాకా బండి ముట్టుకోకూడదు. పోలీసులు చూస్తే లైసెన్సు పోతుంది. కొట్ల కోసం ఊరూరా తిప్పి ఆ గీతను దాదాపు నింపేశాను. తన పది ఇంగ్లీషు ముక్కల్తో, చేతి సైగలతో అతను చెప్పింది ఇదీ: కాసేపటి ప్రయాణమే మిగిలింది. అయితే హోటలు, లేకపోతే వంతెన. ఎక్కడికి వెళితే అక్కడే పొద్దుగూకే దాకా బండి కదలదు.

సేఠ్ లేచి నిలబడ్డాడు. "హోటల్! ఇంకేం ఆలోచన? పిల్లలు ఆకలితో ఉన్నారు. హోటల్ నుంచి మీ అర్బాబ్‌కి ఫోను చేస్తాను. యల్లా, తిప్పమను!"

బస్సంతా హోటల్ అంది. అందరూ అన్నారు అని రాయబోయాను కానీ, ఒకాయన అనలేదు. హాజీ నావైపు చూశాడు. అంతే.

నాకు ఆ క్షణంలో రెండే కనబడ్డాయి. హోటలుకు వెళితే ఈ రోజుతో వంతెన ఖలాస్, మర్నాడు తిరుగు ప్రయాణం. వంతెనకు వెళ్లి అక్కడా గేటు వేసి ఉంటే, ఆకలిగొన్న జనంతో, కదలని బస్సుతో అడవిలో ఉంటాను. ఎటు వెళ్లినా ఫోను దుబాయ్ చేరుతుంది. వీసా పోయేదే అయితే ముసలాయన వచ్చిన పని చేయించి పోగొట్టుకుంటాను అనుకున్నాను. మా ఆవిడ ఫోటో జేబులోంచి తీసి గుండెకు హత్తుకున్నానని చాలామందికి చెప్పాను. ఫోటో హోటల్లో పెట్టెలో ఉంది. నేను చేసింది, ముందున్న కడ్డీ పట్టుకుని గట్టిగా నిలబడటమే.

"సేఠ్, ఫోను రాత్రికి చేసుకోండి. నేనే నంబరు కలిపి ఇస్తాను. వారం రోజులుగా జరిగిన పొరపాటంతా నాది. ఈ దేశం వేళలు తెలుసుకోకుండా తీసుకొచ్చాను. కానీ ఈ ముసలాయన ఒక్క కట్టడం కోసం ఇంత దూరం వచ్చాడు. బస్సు వంతెనకే వెళుతుంది."

"అక్కడ తెరిచి ఉంటుందని ఏమిటి గ్యారంటీ?"

గ్యారంటీ ఇవ్వడం నాకు వెన్నతో పెట్టిన విద్య. ఆ రోజు నోరు రాలేదు. "లేదు" అన్నాను.

సేఠ్ భార్య విసుగ్గా అంది, "కూర్చోండీ! హోటల్లో మాత్రం ఏముంది తినడానికి, సబ్బుబిళ్లలా?" బస్సు కదిలింది.

దారి పొడుగునా నా కళ్లు గేటు కోసమే వెతుకుతున్నాయి. చెట్ల మధ్య మలుపు తిరిగాం, ఏరు కనబడింది, ఏటి మీద అదీ కనబడింది. మనిషి కట్టాడంటే నమ్మలేనంత ఎత్తు. కమాను మీద కమాను, దాని మీద చిన్న కమానుల వరస. గోడ లేదు. గేటు లేదు. టికెట్టు కిటికీ లేదు. వంతెనకు తలుపేమిటి, మూయడమేమిటి! పైగా ఆదివారం కనుకే ఏటి ఒడ్డంతా జనం. ఫ్రెంచి కుటుంబాలు దుప్పట్లు పరుచుకుని భోజనాలు చేస్తున్నారు.

డ్రైవరు ఇంజను ఆపి, తాళంచెవి జేబులో వేసుకుని, తన రొట్టె పొట్లం విప్పుకుని చెట్టు కింద కూర్చున్నాడు.

వంటవాడు చుట్టూ చూశాడు. "సారూ, గింతమంది ఈడ కూసొని తింటుంటే మనం సూసుకుంట కూసుంటమా? బియ్యమున్నయ్, పప్పున్నది, మామిడికాయ తొక్కున్నది. పోరగాళ్లను కట్టెపుల్లలు ఏరమను." స్టవ్వు ఉండగా కట్టెలెందుకని అడిగితే, "ఊకె కూసుంటే లొల్లి వెడతరు, పని జెప్పాలె" అన్నాడు. నాలుగు వందల మందికి వండానన్న మాట అప్పుడు నమ్మాను. పప్పూ బియ్యం కలిపి ఉడకబెట్టాడు. సేఠ్ పక్క దుప్పటి వాళ్ల దగ్గరికి ఊరగాయ తీసుకెళ్లి, చేతి సైగలతో బేరమాడి, రొట్టెలూ జున్నూ పట్టుకొచ్చాడు. ఆ వారంలో సేఠ్ మొహంలో నవ్వు అప్పుడే చూశాను. వారమంతా ఆయనకు లేనిది వ్యాపారమే.

నేను హాజీని తీసుకుని వంతెన ఎక్కాను. అప్పట్లో నీళ్ల కాలువ ఉన్న పై అంతస్తు దాకా ఎక్కనిచ్చేవారు. సింహంలా ఎక్కానని మా మనవలకు చెప్పాను. సింహం నాలుగు కాళ్ల మీద నడుస్తుంది కనుక అది అబద్ధం కాదు. హాజీ మాత్రం కర్ర చంకలో పెట్టుకుని, పడవల తెరచాప కొయ్యలెక్కిన అలవాటుతో ముందు వెళ్లాడు.

పైన కాలువ రాతి పెట్టెలా ఉంది. మనిషి నిలబడి నడవగలడు. మీద రాతిపలకలు కప్పి ఉన్నాయి. కొన్ని ఊడిపోయిన చోట వెలుతురు చతురస్రాలుగా కింద పడుతోంది. హాజీ లోపలికి దిగి, పైన ఉన్న పలకల్ని కర్రతో తట్టాడు.

"చూడు, మూత పెట్టారు. సూర్యుడికి దొరకనివ్వలేదు. తెలివైనవాళ్లే." గోడల మీద సున్నం పొరలు పొరలుగా జానెడు మందాన పేరుకుని ఉంది. దాన్ని అరచేత్తో నిమిరాడు. "నీళ్లు చాలాకాలం నడిచాయి. ఎక్కడి నుంచి వచ్చేవి?"

నాలుక చివర కథ సిద్ధంగా ఉంది. రాణి, ఆమె జలక్రీడ, వెండి తొట్టి, అన్నీ.

"తెలియదు హాజీ" అన్నాను.

"ఎక్కడికి పోయేవి?"

"అదీ తెలియదు."

ముసలాయన నా భుజం మీద చెయ్యి వేశాడు. "అచ్ఛా. నాకూ తెలియదు. పద, ఆ చివర దాకా నడిచి చూద్దాం." నడిచాం. ఆయన ఆగి ఆగి గోడను ముట్టుకుంటూ నడిచాడు. నడుమ ఒకచోట, పలకలు లేని వెలుతురులో కూర్చుని, తన తోటలో ఫలజ్ సన్నబడిపోయిందని చెప్పాడు. అందరూ పంపులు పెట్టి తోడేస్తున్నారట. ఏడాదికో జానెడు కిందికి పోతోందట నీరు. "ఎండిపోయిన కాలువ ఎలా ఉంటుందో చూద్దామనే వచ్చాను. బాగానే ఉంటుంది. నిలబడే ఉంటుంది." కిందికి దిగి ఏటి నీళ్లతో కాళ్లూ చేతులూ కడిగి వుజూ చేసుకుని, గడ్డి మీద నమాజు చేసి, వంటవాడు పెట్టిన పప్పన్నం రెండుసార్లు అడిగి తిన్నాడు.

పొద్దుగూకి డ్రైవరు విశ్రాంతి తీరాక హోటల్ చేరి, నేనే సేఠ్‌కు దుబాయ్ నంబరు కలిపి ఇచ్చాను. లైను దొరికింది. సేఠ్ చాలాసేపు మాట్లాడాడు. ఏం మాట్లాడాడో నాకు చెప్పలేదు, నేనూ అడగలేదు.

దుబాయ్ విమానాశ్రయానికి అర్బాబ్ స్వయంగా వచ్చాడు. తండ్రి చెయ్యి ముద్దుపెట్టుకుని, నా ముందే అడిగాడు. "ఎలా జరిగింది?"

"అన్నీ మూసి ఉన్నాయి" అన్నాడు హాజీ.

అర్బాబ్ నావైపు తిరిగాడు. ఆ చూపును వర్ణించే శక్తి నాకు లేదు. నాకు లేని శక్తి అంటూ ఒకటి ఉందని ఇప్పుడే ఒప్పుకుంటున్నాను.

"వచ్చే ఏడు కూడా వీణ్ణే పంపు" అన్నాడు హాజీ కారు ఎక్కుతూ. "ఆ దేశంలో ఏ తలుపు ఎప్పుడు మూస్తారో మన ఊళ్లో వీడొక్కడికే తెలుసు."

మర్నాడు ఆఫీసులో అర్బాబ్ నా బల్ల ముందు నుంచి పోతూ, ఆగకుండానే అన్నాడు. "నీ భార్య పాస్‌పోర్టు కాపీ తెప్పించు."

ఆ మాట వినగానే పోస్టాఫీసు దాకా పరుగెత్తి ఉత్తరం వేశానని ఇంట్లో ఇప్పటికీ చెబుతుంటాను. పరుగెత్తలేదు. కుర్చీలోనే కూర్చుని, మొదటి పంక్తి రాసి కొట్టేసి, మళ్లీ రాసి కొట్టేశాను. అది చూసి మా కర్నూలు మిత్రుడు కలం లాక్కున్నాడు.

"ఏం రాయాలప్పా చెల్లెమ్మకి?"

"పాస్‌పోర్టు కాపీ పంపమను."

"అంతేనా?"

"అంతే."

"పిల్ల గురించి ఏమన్నా?"

నేను కిటికీలోంచి క్రీక్ వైపు చూస్తూ కూర్చున్నాను. అతను అడగడం మానేసి, తనకు తోచిందేదో నాలుగు పంక్తులు రాసి కవరు మూశాడు. చిరునామా మాత్రం నేను చెప్పాను. ఊరి పేరు సరిగ్గా రాశాడో లేదో అని కవరు తీసుకుని రెండుసార్లు చూసుకున్నాను.